పావు అంగుళం తారీఖ్

మా భాంజా ఒకడు డిప్లొమాలో మెకానికల్ చదువుతున్నాడు. మొన్న జుమా నమాజ్ అయ్యాక వాడి నుంచి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది. 'కారు ఇంజన్ కనిపెట్టింది ముస్లిమే. 1206లోనే అల్-జజరీ క్రాంక్ షాఫ్ట్ తయారుచేశాడు. లోకం దాచేసిన నిజం ఇది. పదిమందికి పంపండి.' దాని కింద వాడి సవాల్: 'మామూ, ఇది సహీనా?'

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే పందెం. వాడడిగింది నాకు రెండూ అయింది.

మన ఉలమాలు ఒక రివాయత్ వినగానే ముందు సనద్ అడుగుతారు. ఎవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు అని గొలుసు పట్టుకుని వెనక్కి నడుస్తారు. ఖబర్ వస్తే తహఖీఖ్ చేసుకోమని సూరా హుజురాత్ హుకుం ఉండనే ఉంది. మరి ఫార్వర్డ్‌లకు సనద్ అడగడం మనమెందుకు మానేశాం? ఆ క్రాంక్ షాఫ్ట్ గొలుసు పట్టుకుని నేను కూడా కొంతదూరం నడిచాను. దియార్‌బకర్‌లో మొదలై కాలిఫోర్నియా ఎండిన చెరువుల మీదుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఖరాద్ మిషన్ దగ్గర ఆగాను. దారిలో కనపడిన హఖీఖత్ ఆ ఫార్వర్డ్ కంటే చిన్నదే, కానీ దానికంటే గట్టిది.

ముందు క్రాంక్ అంటే ఏమిటో చూద్దాం. దర్జీ ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కుట్టుమిషన్ తొక్కుడుపలకను కాలు పైకీ కిందికీ ఆడిస్తుంది. పలక నుంచి ఒక కడ్డీ పైకి వెళ్లి చక్రాన్ని పట్టుకుంటుంది. పట్టుకునేది చక్రం నడిమధ్యలో కాదు, మధ్యకు కొంచెం పక్కన. ఆ 'కొంచెం పక్కన' ఉండటమే మొత్తం హిక్మత్. కడ్డీని సరిగ్గా మధ్యలో బిగిస్తే చక్రం కదలదు. పక్కకు జరిపితేనే పైకీ కిందికీ ఆడే కదలిక గుండ్రంగా తిరగడంగా మారుతుంది.

కారు ఇంజన్‌లో జరిగేది కూడా ఇదే. పలక బదులు పిస్టన్, కడ్డీ బదులు కనెక్టింగ్ రాడ్, చక్రం బదులు క్రాంక్ షాఫ్ట్. షాఫ్ట్ సెంటర్ నుంచి రాడ్ పట్టుకునే పిన్ ఎంత పక్కన ఉందో ఆ దూరాన్ని త్రో అంటారు. పిస్టన్ పైనుంచి కిందికి నడిచే మొత్తం దూరం స్ట్రోక్. త్రోకు స్ట్రోక్ రెండింతలు. అంటే పిన్‌ను ఒక మిల్లీమీటర్ పక్కకు జరిపితే పిస్టన్ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ నడుస్తుంది.

బండి ఎన్ని సీసీ అన్నది రెండు కొలతల హిసాబ్: సిలిండర్ వెడల్పు, అంటే బోరు, ఇంకోటి స్ట్రోక్. మనందరికీ తెలిసిన పాత బుల్లెట్‌నే తీసుకోండి. 350 బుల్లెట్ బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., అసలు లెక్క 346 సీసీ. 500 బుల్లెట్‌లో స్ట్రోక్ అదే 90. బోరు మాత్రం 84 చేశారు, 499 సీసీ అయింది. స్ట్రోక్ ఒక్కదాన్నే పెంచి అక్కడికి చేరాలంటే దాదాపు 130 మి.మీ. కావాలి. బోరు తనతో తానే గుణించుకుంటుంది కాబట్టి కొంచెం పెంచినా లెక్క బాగా పెరుగుతుంది. స్ట్రోక్ ఎంత పెంచితే అంతే ఇస్తుంది.

మరి స్ట్రోక్ జోలికి వెళ్లడం దేనికి? బోరు పెంచాలంటే సిలిండర్ గోడను చెక్కాలి. గోడకు ఒక హద్దుంది, అది దాటితే గోడ పలచబడి పగులుతుంది. కంపెనీ కొత్త బ్లాకు పోసుకోగలదు, షెడ్డులో కారీగర్ పోసుకోలేడు. చేతిలో ఉన్న బ్లాకుతోనే పెద్ద ఇంజన్ కావాలంటే అతనికి మిగిలిన దారి ఎక్కువ త్రో ఉన్న క్రాంక్. ఇలా తయారైన ఇంజన్లను అమెరికాలో స్ట్రోకర్ అంటారు.

ఇప్పుడు మళ్లీ గొలుసు దగ్గరికి.

1206. లాహోర్‌లో కుతుబుద్దీన్ ఐబక్ తఖ్త్ ఎక్కిన సంవత్సరం. అదే ఏడాది దజ్లా నది ఒడ్డున ఆమిద్ షహర్‌లో ఒక ముహందిస్ తన కితాబ్ పూర్తిచేశాడు. ఆ షహర్ పేరు ఇప్పుడు దియార్‌బకర్, తుర్కీలో ఉంది. ముహందిస్ పేరు బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయిల్ అల్-జజరీ. దజ్లా, ఫురాత్ నదుల మధ్య ఇలాకాను అల్-జజీరా అంటారు, ఇంటిపేరు అక్కడి నుంచి వచ్చింది. అర్తుఖీ సుల్తానుల దర్బార్‌లో పాతికేళ్లు ఖిద్మత్ చేశాడు. సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్, నువ్వు చేసినవన్నీ రాసిపెట్టు అని హుకుం ఇస్తే కలం పట్టాడు. కితాబ్ పేరులో 'హియల్' అన్న మాట ఉంది. ఉర్దూలో హీలా అంటే సాకు, బహానా. అరబీలో ఆ మాటకు తెలివైన తర్కీబ్ అని కూడా అర్థం. ఆ కితాబ్‌లో 50 తర్కీబులున్నాయి: నీటి గడియారాలు, ఫవ్వారాలు, వజూ కోసం నీళ్లు పోసే బొమ్మలు, నీళ్లు పైకెత్తే ఐదు యంత్రాలు.

ఆ ఐదింటిలో చివరిదే మన మజ్మూన్‌కు సంబంధించింది. ఏటి నీళ్లకు ఒక చక్రం తిరుగుతుంది. పళ్లచక్రాల ద్వారా ఆ తిరుగుడు ఒక మేకుకు అందుతుంది. సెంటర్‌కు పక్కన బిగించిన ఆ మేకు ఒక కడ్డీకి ఉన్న గాడిలో ఆడుతూ కడ్డీని అటూ ఇటూ ఊపుతుంది. కడ్డీకి ఎదురెదురుగా రెండు రాగి పిస్టన్లు. ఒకటి నీళ్లు పీలుస్తుంటే రెండోది పైకి తోస్తుంది. పిస్టన్, సిలిండర్, సెంటర్‌కు పక్కన తిరిగే మేకు, మూడూ అక్కడున్నాయి.

అయితే అది కారు ఇంజనా? కాదు. అక్కడ నిప్పు లేదు, పేలుడు లేదు. అక్కడ చక్రం పిస్టన్‌ను నడిపింది. కారులో పిస్టన్ చక్రాన్ని నడుపుతుంది. పోనీ క్రాంక్ అయినా ఆయనే కనిపెట్టాడా అంటే అదీ కాదు. ఇప్పటి తుర్కీలోనే హైరాపొలిస్ అనే పాత షహర్ శిథిలాల్లో ఒక రాతి శవపేటిక ఉంది. దాని మీద నీటిచక్రంతో నడిచే రాతిరంపం బొమ్మ చెక్కారు. క్రాంక్, రాడ్ రెండూ అందులో కనిపిస్తాయి. అది మూడో శతాబ్దపు రోమన్ పని, అల్-జజరీ కంటే తొమ్మిది వందల ఏళ్లు పాతది. బగ్దాద్‌లో బనూ మూసా భాయీలు తొమ్మిదో శతాబ్దంలోనే తమ తర్కీబుల కితాబ్ రాశారు. ఆ సంగతిని అల్-జజరీ దాచలేదు. తన కంటే ముందున్నవాళ్ల పేర్లు చెప్పి, వాళ్ల పనుల్లో ఏది నడిచింది, ఏది తనకు నచ్చలేదు అని రాశాడు. ఆయన తన సనద్ తానే ఇచ్చుకున్నాడు. ఆయన పేరు మీద ఫార్వర్డ్ పంపేవాళ్లు మాత్రం ఇవ్వడం లేదు.

ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. చేసి చూడకుండా రాయలేదు. రాసినప్పుడు కొలతలతో రాశాడు: ఏ లోహం, ఎంత మందం, ఎలా పోత పోయాలి, ఎలా అతకాలి. డొనాల్డ్ హిల్ అనే ఇంజనీర్ 1974లో ఆ కితాబ్‌ను అంగ్రేజీలోకి తెచ్చాడు. రెండేళ్ల తర్వాత, 1976లో లండన్ సైన్స్ మ్యూజియం ఆయన పెద్ద నీటి గడియారాన్ని తిరిగి తయారుచేయించింది. 770 ఏళ్ల తర్వాత, భాష తెలియని దేశంలో, ఒక చనిపోయిన ఉస్తాద్ హునర్ మళ్లీ నడిచింది. మన నస్ల్ ఫఖర్ చేసుకోవాల్సింది దీన్ని.

ఇల్మ్‌ను తాళం వేసి దాచుకుంటే ఏమవుతుందో చూపే కిస్సా కూడా ఈ క్రాంక్ తారీఖ్‌లోనే ఉంది. 1780లో బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ పికార్డ్ అనే ఆయన ఆవిరి ఇంజన్‌కు క్రాంక్ వాడే పద్ధతి మీద పేటెంట్ తీసుకున్నాడు. వేల ఏళ్ల పాత తర్కీబ్ ఒక మనిషి జేబులోకి వెళ్లింది. జేమ్స్ వాట్ అంతటివాడు దాన్ని తాకలేక, ఒక పళ్లచక్రం చుట్టూ ఇంకో పళ్లచక్రం తిరిగే వేరే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. ఆ పేటెంట్ గడువు 1794లో తీరింది.

మోటారు కార్ల జమానా వచ్చాక స్ట్రోక్ పొడవును ఇంజనీర్ల కంటే ఎక్కువగా పన్నుల హిసాబ్ నడిపింది. ఇంగ్లండ్‌లో కారు మీద పన్ను 'హార్స్‌పవర్' ప్రకారం ఉండేది. ఆ హార్స్‌పవర్‌ను ఇంజన్ బలం చూసి వేసేవాళ్లు కాదు. బోరును అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, సిలిండర్ల లెక్కతో గుణించి, రెండున్నరతో భాగించేవాళ్లు. అంతే. స్ట్రోక్ ఆ లెక్కలో లేదు. పన్ను లేని చోటికే కంపెనీలన్నీ పరుగెత్తాయి. బోరు సన్నం, స్ట్రోక్ పొడవు. 1932లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫోర్డ్ మోడల్ వై బోరు 56.6 మి.మీ. అయితే స్ట్రోక్ 92.5 మి.మీ. దాంతో పన్ను ఎనిమిది హార్స్‌పవర్‌కే కట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ లెక్క పోయింది, అలవాటు కొన్నాళ్లు మిగిలింది. మన అంబాసిడర్‌లో నడిచిన 1489 సీసీ ఇంజన్ ఇంగ్లండ్ ఖాందాన్‌దే. బోరు 73 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. నిండా సవారీలను ఎక్కించుకుని గేరు మార్చకుండా నెమ్మదిగా లాక్కెళ్లే ఆ బండి స్వభావంలో ఆ పొడుగు స్ట్రోక్ వాటా ఉంది.

అదే 1932లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ మామూలు మనిషి కొనగల వి-8 ఇంజన్ తెచ్చాడు. 221 ఘనపుటంగుళాలు, మన లెక్కలో సుమారు 3,620 సీసీ. కొన్నేళ్లకే ఆ కార్లు పాతసామాను షెడ్లలోకి చేరాయి. కాలిఫోర్నియా కుర్రాళ్లకు అవే ఖజానా. వేగం పరీక్షించడానికి వాళ్లు మురాక్ లాంటి ఎండిపోయిన చెరువుల మీదికి వెళ్లేవాళ్లు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకుని, గడియారం పట్టి వేగాలు రాసుకోవడం మొదలుపెట్టారు. నాకన్నా నువ్వు ఫాస్ట్ అన్న గొప్పలకు అక్కడ చోటు లేకుండా పోయింది. కాగితం మీద ఎంత ఉంటే అంత.

అప్పుడొచ్చింది పావు అంగుళం. ఫోర్డ్ కంపెనీ 1949 మెర్క్యురీ కారు ఇంజన్‌లో స్ట్రోక్‌ను మూడు ముప్పావు అంగుళాల నుంచి నాలుగు అంగుళాలకు పెంచింది. అదే ఖాందాన్‌కు చెందిన ఫోర్డ్ ఇంజన్ 239 ఘనపుటంగుళాలు, మెర్క్యురీ 255. కుర్రాళ్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచారు. మెర్క్యురీ క్రాంక్ ఫోర్డ్ బ్లాకులో కూర్చుంటుంది. పాతసామాను షెడ్డులో ఒక క్రాంక్ కొని, దానికి సరిపడే పిస్టన్లు వేస్తే సుమారు 260 సీసీ ఇజాఫా. ఎంత చెట్టుకు అంత గాలి. ఇక్కడ చెట్టునే కొంచెం పెంచుకున్నారు.

అక్కడితో ఆగలేదు. మెర్క్యురీ క్రాంక్ పిన్ వ్యాసం 2.138 అంగుళాలు, అంతకు ముందు ఫోర్డ్ రాడ్లకు కావాల్సింది 1.999. పిన్‌ను సన్నం చేయక తప్పదు. సన్నం చేసేటప్పుడు చుట్టూ సమానంగా అరగదీయకుండా, లోపలివైపు ఎక్కువ అరగదీస్తే? పిన్ సెంటర్ బయటికి జరుగుతుంది. స్ట్రోక్ ఇంకొంచెం పెరుగుతుంది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. లోహం తీసేస్తూ ఇంజన్‌ను పెంచడం! దీన్ని ఆఫ్‌సెట్ గ్రైండింగ్ అంటారు. దానికి తోడు బోరు కూడా పెంచి ఆ పాత వి-8ను దాదాపు 4,800 సీసీ దాకా తీసుకెళ్లారు.

ఈ ఇల్మ్ ఒక షెడ్డులో పుట్టి అక్కడే దఫన్ కాలేదు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక మొదటి సంచిక వచ్చింది. ఎవరి బండిలో ఏ బోరు, ఏ స్ట్రోక్ అన్నది అచ్చులోకి ఎక్కింది. కాలేజీ మొహం చూడని కారీగర్ల హునర్ దేశమంతా పాకింది.

తర్వాతి నస్ల్‌కు షెవ్రొలే వి-8 దొరికింది. అక్కడా చిత్రంగా పావు అంగుళమే. 350 ఇంజన్ స్ట్రోక్ 3.48 అంగుళాలు, 1970లో వచ్చిన 400 ఇంజన్ స్ట్రోక్ 3.75. కుర్రాళ్లు 400 క్రాంక్ తీసి, దాని మెయిన్ జర్నళ్లను 2.65 నుంచి 2.45 అంగుళాలకు పట్టించి, 350 బ్లాకులో కూర్చోబెట్టారు. బోరు 30 వేల వంతుల అంగుళం పెంచారు. 383 అయింది. కంపెనీ కార్లలో అమ్మని సైజు ఇది, షెడ్లలో పుట్టింది. ఈనాటికీ స్ట్రోకర్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఈ 383.

అయితే ఏదీ ముఫ్త్‌గా రాదు, హిసాబ్ చూడండి. స్ట్రోక్ 0.27 అంగుళం పెరిగితే పిస్టన్ దానిలో సగం, అంటే 0.135 అంగుళం ఎక్కువ పైకి వస్తుంది. అలాగే వదిలేస్తే పిస్టన్ సిలిండర్ దాటి బయటికొచ్చి హెడ్‌ను కొడుతుంది. రాడ్ పొట్టి చేయాలి, లేదా పిస్టన్‌లో పిన్ పైకి జరపాలి. కింద రాడ్ బోల్టులు ఇంకా పెద్ద గుండ్రం తిరుగుతాయి, బ్లాకు అంచుకు తగలకుండా అక్కడ కొంచెం చెక్కాలి, కామ్‌షాఫ్ట్‌కూ రాడ్‌కూ మధ్య సందు చూసుకోవాలి. అన్నీ కుదిరినా, నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు పాత స్ట్రోక్‌తో పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.7 మీటర్లు ఉంటే కొత్త స్ట్రోక్‌తో 19 మీటర్లు. ప్రతి చుట్టులో రెండుసార్లు ఆగి వెనక్కి తిరగాలి. ఆ గుంజుడంతా రాడ్ మీద, బోల్టుల మీద పడుతుంది. అందుకే స్ట్రోకర్ ఇంజన్ కింది వేగంలో బలంగా లాగుతుంది, పై వేగంలో తొందరగా అలిసిపోతుంది.

దీనికి ఇంగ్లండ్‌లోనే మంచి మిసాల్ ఉంది. 1961లో మొదటి మినీ కూపర్‌కు పొడుగు స్ట్రోక్ వేశారు: 81.28 మి.మీ., 997 సీసీ. 1964లో దాన్ని తీసేసి 76.2 మి.మీ. స్ట్రోక్‌తో, కొంచెం పెద్ద బోరుతో 998 సీసీ ఇంజన్ పెట్టారు. రెండింటికీ ప్రకటించిన బలం ఒకటే, 55 హార్స్‌పవర్. సైజు మారలేదు, స్ట్రోక్ మీద మోజు తగ్గింది. చేసి చూసి, కొలిచి, తప్పయితే దిద్దుకున్నారు. అల్-జజరీ చేసింది కూడా ఇదే కదా!

ఇదంతా చదివాక ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా ఖరాద్ పని చేస్తున్న ఒక చాచా దగ్గరికి వెళ్లాను. లారీ క్రాంకులు అరిగి వస్తే అండర్‌సైజ్‌కి పట్టించడం ఆయన పని. అరిగిన పిన్‌ను చుట్టూ సమానంగా గ్రైండ్ చేసి, దానికి తగిన మందం బేరింగులు వేస్తారు. ఆఫ్‌సెట్ గ్రైండింగ్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆపి, సుద్దముక్క తీసుకుని నేల మీద రెండు గుండ్రాలు గీశారు. ఒకటి పాత పిన్, లోపల ఇంకోటి సన్నం పిన్, కానీ ఒక పక్కకు జరిపి.

'మేం మధ్యలోనే ఉంచుతాం బేటా. వాళ్లు సెంటర్ జరుపుతారు. అంతే కదా తేడా?'

అంతే. నేను వారం రోజులు చదివి తెలుసుకున్నది ఆయన అర నిమిషంలో గీశారు.

'ఇవన్నీ ఎక్కడైనా రాసిపెట్టారా చాచా? ఏ క్రాంక్‌కు ఎంత, ఏ రాయి, ఎంత స్పీడు?'

'రాయడమెందుకు? చేతికి యాద్ ఉంటుంది.'

'మీ తర్వాత?'

ఆయన జవాబు చెప్పలేదు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. షాగిర్ద్ ఒక్కడూ లేడు. సుద్దతో గీసిన ఆ గుండ్రాలను కాసేపటికి షెడ్డు ఊడ్చే కుర్రాడు తుడిచేశాడు.

నాకు ఆ ఫార్వర్డ్ అప్పుడు నిజంగా బాధ కలిగించింది. ఎనిమిది వందల ఏళ్ల కింద పోయిన కారీగర్ మీద లేని గొప్పలు కల్పించడానికి మన దగ్గర వక్త్ ఉంది. మన మొహల్లాలోనే బతికున్న కారీగర్ ముందు ఒక నోటుబుక్కు పట్టుకుని కూర్చోవడానికి లేదు. మన ఇళ్లలో ఎంతమంది మిస్త్రీలు, వెల్డర్లు, ఖరాద్‌వాలాలు! పిల్లవాడు షెడ్డుకెళితే 'చదువు అబ్బలేదు' అని తల దించుకుంటాం. అదే పని అరబీలో రాసి ఉంటే మాత్రం గోల్డెన్ ఏజ్ అంటాం.

అల్-జజరీని అల్-జజరీ చేసింది ఒక్క హునరే కాదు. హునర్ ఉన్న ముహందిస్‌లు ఆ జమానాలో ఇంకా ఉండే ఉంటారు. నీ చేతిలో ఉన్నది కాగితం మీద పెట్టు అని అడిగినవాడు ఒకడు ఆయనకు దొరికాడు. మన చాచాలను అలా అడగాల్సింది ఏ సుల్తానూ కాదు. డిప్లొమా చదివే భాంజాలు, కలం పట్టిన మామూలు.

వాడికి ఇలా జవాబు రాశాను: 'బేటా, ఆ ఫార్వర్డ్ గలత్. అల్-జజరీ మాత్రం సచ్చా. వచ్చే ఆదివారం ఒక నోటుబుక్కు, వెర్నియర్ కాలిపర్ పట్టుకుని రా. ఆటోనగర్ వెళ్దాం.'

వాడు వెంటనే అడిగాడు: 'కాలిపర్ ఎందుకు మామూ?'

కొలవకుండా రాస్తే అది కూడా ఇంకో ఫార్వర్డే అవుతుందని చెప్పాను.